పైసా తీసుకోకుండా కువైట్ పంపిస్తానంటున్న ఏజెంటు: అక్కను పంపొచ్చా?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్. మీది బద్వేలు దగ్గర పల్లె. మీ అక్కకు 34 ఏళ్లు, ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. మీ బావ పోయాక మూడు లక్షల అప్పు మిగిలింది, నూటికి మూడు రూపాయల వడ్డీ. పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంది. మీ ఊరికి తెలిసిన ఏజెంటు ఒకాయన ముందు దుబాయ్‌కి విజిట్ వీసా మీద పంపి, అక్కడి నుంచి కువైట్‌లో ఇంటి పనికి ఎక్కిస్తానంటున్నాడు. జీతం నెలకు 40 వేలన్నాడు. మీ దగ్గర పైసా తీసుకోవడం లేదు సరికదా, ఇంట్లో ఖర్చులకు 20 వేలు తనే ఇస్తానన్నాడు. పది రోజుల్లో ప్రయాణం. "డబ్బులు అడగలేదు కదక్కా, మంచోడే అనుకుంటున్నాం" అని రాశావు.

ఆ దారిన పంపొద్దు. కువైట్‌కే వెళ్లకూడదని మాత్రం నేను అనను. 2006 నుంచి 2019 దాకా నేనూ అక్కడ ఇళ్లల్లో పనిచేసి వచ్చినదాన్నే. కడపలో మాకున్న రెండు గదుల ఇల్లు ఆ దినార్లతో కట్టుకున్నదే. ఇప్పుడు ఇక్కడే ఉంటూ, వెళ్లే ఆడవాళ్ల కాగితాలు చూసి పెడుతుంటాను. రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపుల నుంచి వారానికి ఒకరిద్దరైనా వస్తారు. వచ్చినవాళ్లలో సగం మందికి తమ వీసా మీద ఏం రాసి ఉందో తెలియదు.

ముందు ఆ "పైసా తీసుకోలేదు" సంగతి. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల దగ్గర ఏజెంటు డబ్బు తీసుకోకపోవడం మన వైపు కొత్తేమీ కాదు. ఆయనకు డబ్బు అటు నుంచి వస్తుంది. కువైట్‌లో పనిమనుషుల్ని తెప్పించే ఆఫీసులుంటాయి, మనవాళ్లు మక్తబ్ అంటారు. పనిమనిషి కావాలన్న ఇంటాయన ఆ మక్తబ్‌కు డబ్బు కడతాడు. మక్తబ్ అందులోంచి ఇక్కడి ఏజెంటుకు ఇస్తుంది. మీకిచ్చే 20 వేలు కూడా ఆ సొమ్ములోదే. ఇప్పుడు మీ అక్క అక్కడ రెండు నెలలు చేసి, పని మరీ ఎక్కువగా ఉందనో, కొడుతున్నారనో తిరిగొస్తానంటే ఏమవుతుంది? "నీ మీద ఇంత ఖర్చు పెట్టాం, అది కట్టి వెళ్లు" అంటారు. లక్షన్నర, రెండు లక్షలు అడుగుతారు. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. చేతిలోంచి రూపాయి పోలేదని ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉంటారు. ఆ అప్పు తన పేరున రాసుకున్నారని వెళ్లిన మనిషికి అక్కడికి చేరాకే తెలుస్తుంది.

నా సంగతి కూడా చెప్తాను. 2006లో నాకు 31 ఏళ్లు. ఇంటర్ పాసయ్యాను కాబట్టి నా పాస్‌పోర్టుకు ఏ అనుమతీ అవసరం లేదు, ఎవరూ ఏమీ అడగలేదు. "ఇద్దరు పిల్లలున్న చిన్న కుటుంబం, 40 దినార్లు" అన్నాడు ఏజెంటు. దినార్ అప్పట్లో 155 రూపాయల దరిదాపు. వీసా కాగితం ఒకే ఒక్క పేజీ, అంతా అరబీలో ఉంది. చెన్నై ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కేముందు చేతిలో పెట్టాడు. అక్కడ దిగగానే మక్తబ్ మనిషి పాస్‌పోర్టూ ఆ కాగితమూ రెండూ తీసుకున్నాడు. తీసుకెళ్లింది మూడంతస్తుల ఇంటికి. ముసలావిడ, ఆమె ఇద్దరు కొడుకులు, కోడళ్లు, వాళ్ల పిల్లలు కలిసి 14 మంది. పడుకోవడానికి ఇస్త్రీ బట్టలు పెట్టే గది. రంజాన్ నెలలో అందరూ తెల్లవారుజాము భోజనం ముగించి పడుకున్నాక గిన్నెలు తోముకుంటూ కూర్చునేదాన్ని, మళ్లీ పది గంటలకు లేవాలి. ఏడు నెలలు చేశాను. నా వీసాలో ఉన్న కఫీల్ (వీసా ఎవరి పేరు మీద వస్తుందో ఆ యజమాని) పేరు ఆ ఇంటాయనది కాదని ఆ తర్వాతే తెలిసింది. నన్ను రప్పించింది ఒకరి పేరు మీద, పని చేయించుకున్నది ఇంకొకరు. అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) కొట్టించమని అడిగితే ఎవరికి వారు తమకు సంబంధం లేదన్నారు. చివరికి పక్కింట్లో డ్రైవర్‌గా ఉన్న పుల్లంపేట అన్న ఒకాయన ఎంబసీలో చెప్పి నన్ను బయటపడేశాడు. తర్వాత దొరికిన ఇల్లు బంగారం లాంటిది, పన్నెండేళ్లు అక్కడే ఉన్నాను. ఆ ఇంటి మామా (యజమానురాలిని అక్కడ అలాగే పిలుస్తాం) ఇప్పటికీ రంజాన్‌కు ఫోన్ చేస్తుంది.

అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు వీసా కాగితం చూపించమంటాను. ఏజెంటు నోటితో ఏం చెప్పాడన్నది అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. ఆ కాగితంలో ఎవరి పేరుంటే మీ అక్క ఆయన ఇంటి మనిషి, ఏ పని రాసి ఉంటే అదే ఆమె పని. చూడాల్సినవి కొన్నే: కఫీల్ పేరు, ఆయన సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) నంబరు, వీసా ఏ రకం, ఏ పని, మీ అక్క పేరూ పాస్‌పోర్టు నంబరూ సరిగ్గా పడ్డాయా, ఏ తేదీలోపు దేశంలో అడుగుపెట్టాలి. అరబీలో ఉందని భయపడొద్దు. మన జిల్లాలో అరబీ చదవగలిగిన మౌలానాలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మసీదుకెళ్లి మర్యాదగా అడిగితే కాదనరు, నేను ఎంతోమందిని అలా పంపాను. ఒకసారి మైదుకూరు అమ్మాయి ఒకామె వంటపని అనుకుని తెచ్చిన కాగితంలో గొర్రెల కాపరి అని ఉంది. మౌలానా సాబ్ అది చదివి రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఆ అమ్మాయి ప్రయాణం అక్కడితో ఆగింది.

వీసా రకాల గురించి మనవాళ్లు నంబర్లతో మాట్లాడుకుంటారు. 20 నంబరు అంటే ఇంటి పని: వంట, పిల్లల్ని చూసుకోవడం, ఇంటి డ్రైవర్, తోటమాలి అన్నీ అందులోకే వస్తాయి. ఆడవాళ్లదైతే ఖద్దామా వీసా అంటారు. 18 నంబరు అంటే కంపెనీ పని, షూన్ వీసా. ఈ రెంటికీ చట్టాలు వేరు. "ముందు 20 మీద వెళ్లు, తర్వాత 18కి మార్పిస్తా" అని ఏజెంట్లు తేలిగ్గా చెప్తారు. మామూలు రోజుల్లో అది కుదరదు. 2024లో జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నెలలు మాత్రం కువైట్ ప్రభుత్వం ఆ అవకాశం ఇచ్చింది. అది కూడా పాత కఫీల్ ఒప్పుకుంటేనే. "ఆజాద్ వీసా" అనే మాట వింటే మాత్రం లేచి వచ్చెయ్యండి. అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. ఒకాయన పేరు మీద వీసా కొని, బయట ఎక్కడో పని వెతుక్కోవడాన్నే ఆజాద్ అంటారు. పట్టుబడితే నష్టం పనిమనిషికే.

ఇప్పుడు దుబాయ్ దారి. మీ అక్కను తిన్నగా కువైట్ పంపకుండా దుబాయ్ మీదుగా ఎందుకు తిప్పుతున్నాడో ఆలోచించావా? కారణం ఆ ఈసీఆర్ ముద్రే. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో ఆ ముద్ర వేస్తారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, ఆ ముద్ర ఉన్నవాళ్లు 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. కువైట్, సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఆరూ ఆ 18లోనే ఉన్నాయి. ఈసీఆర్ ఉన్న ఆడవాళ్లకైతే ఇంకా కట్టుదిట్టం. 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి ప్రభుత్వం అనుమతించిన ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. అంటే లైసెన్సు ఉన్న ప్రైవేటు ఏజెంటుకు కూడా మీ అక్కను ఇంటి పనికి పంపే హక్కు లేదు. మీ ఊరాయన ఎంత మంచివాడైనా, పది మందిని పంపినవాడైనా సరే. ఆ అనుమతి తేలేడు కాబట్టే టూరిస్టు వేషం వేయిస్తున్నాడు.

ఆ వేషం మీ అక్క వేయాలి, ఆయన కాదు. "ఎయిర్‌పోర్టులో అడిగితే చుట్టాల ఇంటికి వెళ్తున్నానని చెప్పు" అని నేర్పిస్తాడు. రానూపోనూ టికెట్టు, ఎవరిదో హోటల్ బుకింగ్ చేతిలో పెడతాడు. అక్కడ ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగితే ఏడుస్తూ నిలబడేది ఆమె. దాటిపోయి దుబాయ్ చేరినా, కువైట్ వీసా వచ్చేదాకా ఏ గదిలో ఎంతమందితో ఉంచుతారో తెలియదు. కువైట్ అన్నవాళ్లు చివరికి ఒమన్‌లోనో సౌదీలోనో తేలడం చాలాసార్లు చూశాను. విజిట్ గడువు దాటితే ఎమిరేట్స్‌లో రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా పడుతుంది, మన డబ్బుల్లో వెయ్యి రూపాయల పైమాటే. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. అలా వెళ్లిన మనిషి పేరు మన ప్రభుత్వం దగ్గర పనికి వెళ్లినట్టు ఎక్కడా ఉండదు. కాంట్రాక్టు ఉండదు, బీమా ఉండదు. రేపు ఏదైనా జరిగితే ఎంబసీవాళ్లు వెతకడానికైనా ఏ ఇంట్లో ఉందో రాసి ఉన్న కాగితం ఉండాలి కదా.

సరైన దారి ఎలా ఉంటుందో చెప్తాను. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థ ఉంది, ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్. అక్కడ పేరు నమోదు చేయించండి. అటు ఇంటి యజమానో అక్కడి ఏజెన్సీయో ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదై ఉండాలి, కాంట్రాక్టు అందులోనే ఎక్కుతుంది. జీతం ఎంత, ఎన్నేళ్లు, సెలవు ఎప్పుడు, రానూపోనూ టికెట్టు ఎవరిది అన్నీ దాంట్లో ఉంటాయి. ఆ తర్వాత మెడికల్, పోలీస్ క్లియరెన్స్, వీసా స్టాంపింగ్, బీమా, ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ, చివరికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్. ఇది పది రోజుల్లో తెమిలే పని కాదు, నెలలు పడుతుంది. కొన్నిసార్లు ఖాళీలే ఉండవు. వడ్డీ పెరుగుతుంటే ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆగమనే చెప్తాను.

వీటిలో మెడికల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గల్ఫ్ దేశాలు ఒప్పుకున్న సెంటర్లలోనే చేయించాలి. గామ్కా అనేవాళ్లం, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చీటీ తీసుకుని చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాలి. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే చూస్తారు. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గినా, ఊపిరితిత్తుల మీద మచ్చ ఉంటే అన్‌ఫిట్ అంటారు. "డబ్బిస్తే ఫిట్ చేయిస్తా" అనేవాళ్ల మాట నమ్మొద్దు. కువైట్ దిగాక మళ్లీ పరీక్ష చేస్తారు, అక్కడ తప్పితే మరో విమానంలో వెనక్కి పంపుతారు. అందుకని అన్నిటికంటే ముందు కడపలోనే ఒక మామూలు ఎక్స్‌రే తీయించి డాక్టర్‌కు చూపించండి. కొద్ది డబ్బుతో అసలు సంగతి తెలిసిపోతుంది.

పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్టు వెబ్‌సైట్‌లోనే అప్లై చేసి, కడప పోస్టాఫీసులో ఉన్న పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్తే చాలు. దీనికి మధ్యవర్తి అక్కర్లేదు.

బీమా పేరు ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన టాక్స్. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా పది లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద దొడ్డిదారిన వెళ్లిన మనిషికి ఇది లేదు. మన పల్లెల్లో శవపేటికలు దిగిన ఇళ్లకు నేను వెళ్లాను తమ్ముడూ. ఆ 275 రూపాయల కాగితం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ ఎంత తేడానో నా కళ్లతో చూశాను.

జీతం గురించి. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. దాని కింద 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు; రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజులు జీతంతో సెలవు, పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. దినార్ 270 రూపాయల లెక్కన చూస్తే 60 దినార్లంటే పదహారు వేల పైమాట. ఏజెంటు చెప్పిన 40 వేలు రావాలంటే దాదాపు 150 దినార్లు కావాలి. మొదటిసారి వెళ్లే, అరబీ రాని మనిషికి అంత ఇచ్చే ఇల్లు దొరకడం కష్టం. ఎంత ఇస్తారన్నది కాంట్రాక్టులో దినార్లలో రాసి ఉండాలి, రూపాయల్లో చెప్పే మాటను పట్టించుకోవద్దు. చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండమనీ చెప్పలేను. నాలుగు గోడల మధ్య 12 గంటలు ఎవరు లెక్కపెడతారు? కానీ గొడవ వచ్చి ఎంబసీ దాకా వెళ్లినప్పుడు ఆ కాంట్రాక్టు కాగితమే మాట్లాడుతుంది.

ఇంట్లో బాధలు పడలేక చెప్పకుండా బయటికి వచ్చేయడాన్ని మనవాళ్లు కల్లివెల్లి అంటారు. ఆ మాట విన్నంత తేలికైన పని కాదు అది. కఫీల్ పోలీసులకు పారిపోయిందని రాసిస్తే అకామా రద్దవుతుంది, ఆ రోజు నుంచి ఆమె దొంగచాటు మనిషే. ఆసుపత్రికి వెళ్లలేదు, రోడ్డు మీద తనిఖీ అంటే గుండె జారిపోతుంది. ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడే జరిమానా లేకుండా బయటపడగలరు. 2018లో, 2020లో, 2024లో అలా ఇచ్చారు. 2018లో మా ఇంటికి సెలవు రోజు వచ్చిపోయే ఖాజీపేట ఆమె ఒకరు తొమ్మిదేళ్ల తర్వాత అలాగే ఊరికి వెళ్లింది. వదిలి వెళ్లినప్పుడు ఆరో తరగతిలో ఉన్న కూతురికి ఈమె చేరేసరికి పెళ్లయి బిడ్డ కూడా పుట్టింది. అందుకే ఇంట్లో భరించలేని పరిస్థితి వస్తే వీధిలోకి పరుగెత్తకుండా తిన్నగా ఎంబసీకి వెళ్లమని మీ అక్కకు చెప్పాలి. దైయా అనే ప్రాంతంలో ఉంది, ట్యాక్సీవాళ్లందరికీ తెలుసు. ఆడవాళ్లు ఉండటానికి అక్కడ వసతి ఉంది. ఎంబసీలో నమోదైతే కేసు నడిపే దారి దొరుకుతుంది.

ఇంకొకటి. "ఈసీఆర్ తీయించేస్తా, పది పాసైనట్టు సర్టిఫికెట్ తెస్తా" అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. దొంగ సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టు తీసుకుంటే కేసు మీ అక్క మీద పడుతుంది. నిజంగా తీయించాలనుకుంటే గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూల్లో పది రాయించు. 34 ఏళ్లకు చదువేమిటి అనుకోవద్దు, నేను చూసినవాళ్లలో 40 దాటి పాసైనవాళ్లు ఉన్నారు. కానీ ఈసీఆర్‌ను మచ్చలా చూడొద్దు. అది లేనందువల్లే నన్ను ఎవరూ ఆపలేదు, ఆపి ఉంటే ఆ ఏడు నెలలు నాకు ఉండేవి కావు.

వెళ్లడం ఖాయమైతే, బయల్దేరే ముందు ఇంట్లో ఒక నంబరైనా ఆమెకు నోటికి రావాలి. ఫోన్‌లో ఉంది కదా అనుకుంటారు, మొదట తీసుకునేది ఫోనే. నేను మా అమ్మ పక్కింటి ల్యాండ్‌లైన్ నంబరు పదిసార్లు చెప్పించుకుని నేర్చుకుని వెళ్లాను, ఎంబసీ నుంచి చేసిన మొదటి ఫోన్ ఆ నంబరుకే. వీసా, పాస్‌పోర్టు, కాంట్రాక్టు మూడింటి జిరాక్సులు నీ దగ్గర ఒక సెట్టు, ఆమె సూట్‌కేసులో ఒక సెట్టు ఉంచండి. జీతం పడే బ్యాంకు ఖాతా ఆమె ఒక్కదాని పేరున ఉండాలి. నువ్వు మంచి తమ్ముడివే, అయినా ఆ డబ్బు ఆమె చూసుకునేలా ఉండనివ్వు. అప్పు తీరాక ఏం మిగిలిందో ఆమెకు లెక్క తెలియాలి.

పిల్లల గురించి నువ్వేమీ రాయలేదు. ఉంటే, ఆ రెండేళ్లు వాళ్లు ఎవరి దగ్గర ఉంటారో అక్కతోనే కూర్చుని తేల్చుకోండి. అప్పుకు ఇంకో దారి ఉందేమో కూడా చూడండి. డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు రుణం తీసుకుని ఈ మూడు రూపాయల వడ్డీని ముందు వదిలించుకోవచ్చు. వడ్డీ భారం తగ్గితే పది రోజుల తొందర కూడా తగ్గుతుంది.

నీ ఉత్తరం చివర్లో ఒక మాట రాశావు, పాస్‌పోర్టు ఇప్పటికే ఏజెంటు దగ్గర ఉందని. నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. రేపు పొద్దున్నే ఊళ్లో పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి, అది వెనక్కి తీసుకో. పాస్‌పోర్టు ప్రభుత్వ ఆస్తి, మీ అక్క తప్ప ఇంకొకరు ఉంచుకోవడానికి వీల్లేదు. 20 వేలు తీసుకుని ఉంటే ఆయన చేతిలోనే పెట్టి, ఇచ్చినట్టు ఆయనతో రాయించుకో. ఇవ్వనంటే స్టేషన్‌లో ఫిర్యాదు చెయ్యి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 1800 11 3090కి కూడా ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. "వీసా వచ్చేసింది, ఇప్పుడు కాదంటే ఎలా" అని ఆయన అంటే ఆ వీసా ఫొటో ఇమ్మను. నంబర్లు చెరిపేసి నాకు పంపు, కఫీల్ ఎవరో, ఏ పనికో చదివించి చెప్తాను.